కొలత కర్ర

పాత రంగు గీకుతున్న దేవా చేయి ఉన్నట్టుండి ఆగిపోయింది: పడవ వెనక పలక మీద, మోటారు బిగించే చోట, జానెడు పగులు బయటపడింది.

"అమ్మా, ఇట్ల రా!"

దేవకి చేపల బుట్ట దించి వచ్చింది కానీ పడవను తాకలేదు. తొమ్మిదేళ్లుగా తాకలేదు.

"అది పగులు కాదురా," అంది. "మీ నాయన ఆశ."

పులికాట్ సరస్సు పక్కన పళవేర్కాడు ఒడ్డున ఆ కథ తెలియనివాళ్లు లేరు. అప్పటికే ముసలిదైన చిన్న చెక్క పడవ. దానికి పదిహేను హార్స్ పవర్ మోటారు బిగించుకుని కుప్పుస్వామి సరస్సు సముద్రంలో కలిసే నోటి దాకా వెళ్లాడు. మోటారు బరువుకు వెనక భాగం కుంగింది. ఒక్క అల సరిపోయింది. పడవ ఆ సాయంత్రమే ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి మూడో రోజు. మోటారు దొరకనే లేదు.

ఆ తర్వాత ఊరు ఆయనకు 'పదిహేను కుప్పుస్వామి' అని పేరు పెట్టింది. దేవా 'పదిహేనోడి కొడుకు' అయ్యాడు. పట్టాభిరామ్ ఊళ్లో ఫ్యాక్టరీ పనికి పోతే ఆ పేరు కూడా రైలెక్కి వెంట వచ్చింది. ఇప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. చేతిలో మిగిలింది ఈ పడవే.

"పలక కొత్తది వేయిస్తా. ముందర ఉండే ఆ పేరు గూడా గీకేస్తా," అన్నాడు దేవా.

పడవ ముక్కు మీద తెల్లటి అక్షరాల్లో 'కుప్పుస్వామి' అని ఉంది. దేవకి దానివైపు చూసి, చూపు తిప్పుకుంది.

"నీ ఇష్టం. మోటారు మాత్రం తిరువళ్లూరులో అంగడి పెట్టుకున్న భక్తవత్సలం అయ్య ఏది చెప్తే అదే కొను. చిన్నది చాలని మీ నాయనకు ఎంతగానో చెప్పినాడంట. విన్యాడా? పాపం ఆ పెద్దాయన, ఆ బాధకు ఏటేటా ఆడి కృత్తిక పండగకు తిరుత్తణి కొండ మెట్లెక్కి గుండు కొట్టించుకుంటాడు. మన చుట్టాల్లో ఎవురు చేసినారు అంత?"

"సరేమా. టేపుతో కొలిచి ఫోన్లో ఫోటో తీసుకున్నా."

"ఫోటో యాడ నమ్ముతాడు? ఆయనకు కర్ర కావాల. పలక ఎత్తుకు కర్ర కోసి తీసకపోవాల. మీ నాయనది అటక మీద వలల్లో ఉంటాది, చూడు."

వెదురు కర్ర దొరికింది. పైన అడ్డంగా ఒక లోతైన గాటు. వెనక వైపు వరసగా ఎనిమిది చిన్న గాట్లు.

"ఇవేంది?"

"ఏమో. చదువులేని మనిషి, ఏం లెక్క పెట్టుకున్నాడో!"

మర్నాడు పొద్దున తిరువళ్లూరులో గుడి తేరు నిలిపే తేరడి దగ్గరున్న పంపులు, పడవ మోటార్ల అంగడికి వెళ్లాడు దేవా. భక్తవత్సలం గుండుకు పూసుకున్న చందనం ఇంకా రాలలేదు. కుర్చీ చూపించి, డాక్టరు రోగిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు.

"పడవలో ఎందరు?"

"ఇద్దరం, ఒక వల."

"నోటి దాకా పోతావా?"

"పోను మామా. సరస్సు దాటను."

"అట్లయితే ఎనిమిది. పడవ వయసు చూసి మోటారు కొనాల దేవా, మన వయసు చూసి కాదు. ముసిలెద్దు వీపున మూట మీద మూట వేస్తే వెనక కాళ్లే ముందు కూలబడేది."

దేవా నవ్వాడు. "ఏం మామా, పదిహేను అమ్మితే నీకే గదా లాభం? ఇంత మంచోడివైతే అంగడి ఎట్ల నడుస్తాది?"

పెద్దాయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"కర్ర తెచ్చినావా?"

"తెచ్చినా. నువ్వు భయపడొద్దు మామా, పదిహేను కావాలని నీ ప్రాణం తీయను. మా నాయన బుద్ధి నాకొద్దు. ఆయన పేరు గూడా ఈ సాయంత్రం పడవ మీద గీకేస్తా."

తుడుస్తున్న చేయి ఆగింది. "పేరు గీకేస్తావా?"

"ఆ పేరుతో నీళ్లలోకి పోతే ఊరు నవ్వుతాది మామా. మా అమ్మ ఆ పడవను తాకను గూడా తాకదు."

దేవా సంచిలోంచి కర్ర తీసి బల్ల మీద పెట్టాడు. భక్తవత్సలం టేపు పక్కన పరిచి గాటు దాకా కొలిచాడు. కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత కర్రను తిప్పాడు.

టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఇది యాడిదప్పా?"

"నాయనదే. నీకు చూపించుంటాడు గదా."

"చూపించినాడు."

"ఆ గాట్లు ఏంది మామా? అమ్మకు గూడా తెలీదంట."

భక్తవత్సలం బొటనవేలు ఒక్కో గాటునూ తడుముతూ వెళ్లింది. చివరి దాకా వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చింది. బయట బస్సు హారన్ మోగుతోంది. ఆయన లేచి వెళ్లి అంగడి తలుపు ఒకటి మూసి, వచ్చి కూర్చున్నాడు.

"చదువు రానోళ్లకు నేనే చెప్పేవాణ్ణి. లోతు గాటు పలక ఎత్తు. చిన్న గాట్లు, ఎంత పవర్ కావాలో అంత."

దేవా కర్ర వైపు చూశాడు. తర్వాత ఆయన గుండు వైపు చూశాడు.

"ఆ పేరు గీకొద్దు నాయనా," అన్నాడు భక్తవత్సలం. "మీ నాయన ఎనిమిదే అడిగినాడు, పదిహేను అంటగట్టింది నేను."