చంద్రుడి లాంబ్డా

"గడప దాటకు కొడుకా." అనంతమ్మ చేతులు అడ్డం పెట్టింది.

గుమ్మానికి చీర కట్టి ఉంది. లోపల కోడలు సుమిత్ర ఇరవై రోజుల పాపకు పాలిస్తోంది. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల ముఖం తండ్రి చూస్తే అతనికి గండమనీ, ఏడాది ఆగాలనీ పంచాంగం చూసే అయ్యగారు చెప్పారు.

జగన్‌మోహన్ పట్నంలో నక్షత్రాలు చూసే సర్కారు దఫ్తర్‌లో లెక్కలు కట్టేవాడు. దగ్గితే నెత్తురు పడుతోందని సెలవిచ్చి పంపారు. యుద్ధానికి పోయే సిపాయిలతో కిక్కిరిసిన బండిలో నిన్ననే జహీరాబాద్‌లో దిగాడు.

బొగ్గుముక్క తీసుకుని అరుగుబండ మీద λ అని గీశాడు.

"ఇది లాంబ్డా అమ్మా, గ్రీకోళ్ల అక్షరం. మూలల మెరిసే చుక్కకు మా బుక్కుల ఇదే పేరు. లెక్కల్ల తెల్వని అంకెకు గూడ ఇదే పెడ్తం. గీ గీతకు నేను సస్తనా?"

"నువ్వు సదివినోనివి. నేను కన్నదాన్ని."

"ఏడాది దాంక నేనుంటనా?"

"నోరు మూయి. అది పొగ దగ్గు."

దసరాకు వచ్చినప్పుడే దవాఖానలో డాక్టర్ అతనికి వేరే చెంబు, వేరే గది పెట్టమన్నాడు. ఎవరినీ, పసిపిల్లలనైతే అసలే, దగ్గరికి రానీయొద్దన్నాడు. "నా కొడుకు పరాయోడా" అని అనంతమ్మ కొట్టిపారేసింది. డాక్టర్ చెప్పినట్టే చేద్దామన్న కోడలి మాట సాగలేదు; ఆ ఇంట్లో ఎన్నడూ సాగదు.

జగన్‌మోహన్ పంచాంగం ముందేసుకుని, గీత పక్కనే లెక్క మొదలుపెట్టాడు. ఆకాశంలో చంద్రుడు ఎంత నడిచాడో చెప్పే కోణానికీ అదే అక్షరం. బండ సగం నిండాక తలెత్తాడు.

"పిల్ల పుట్టిన్నాడు దీపాలు పెట్టేటాళ్లకు చంద్రుడు మూల దాటిండు. అంతకు ముందే పుట్టిందని ఎవరు చూసిన్రు?"

"నేనైతే చూల్లే. మూల పోయినంకనే కాన్పు కావాలెనని మొక్కుకుంట మంత్రసాని కోసం చిరాగ్‌పల్లి పోయిన. వచ్చేటాళ్లకు చీకటైంది, పిల్ల పక్కల ఉంది. నీ పెండ్లాన్నే అడుగు."

అతను చీర దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"సుమిత్రా, జర యాది చేసుకో. దీపం పెట్టినంకనే గదా?"

చీర వెనక సుమిత్ర పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"పెట్టినంక అని ఒక్క మాట అను. ఒక్కసారి ఎత్తుకుంట. మల్ల అడగ."

సుమిత్ర కొంగు నోట్లో కుక్కుకుంది. పాప తలను గుండెకు అదుముకుని, కొంగు తీసింది.

"ముందే," అంది. "దీపం పెట్టకముందే పుట్టింది."

అతను అరచేత్తో బండ మీది లెక్కంతా తుడిచేసి, గోడ పట్టుకుని మెల్లగా పశువుల కొట్టం వైపు నడిచాడు.

పాప పుట్టింది దీపం పెట్టాకే.