గోలు మింగినోళ్లు

కుడివైపు తిప్పితే రైల్వే గేటు. అది ఒకసారి పడిందంటే మళ్లీ లేవడానికి ఏ గూడ్సు బండో దయ తలచాలి. ఎడమవైపు తిప్పితే మంచి రోడ్డు, ఆటకు ముందే మైదానం. స్టీరింగు డ్రైవరు చేతుల్లోనే ఉంది. ఎటూ తేల్చుకోలేక బండి నెమ్మది చేశాడు.

వెనక సీట్లలో మార్కెట్ క్లబ్బు ఆటగాళ్లు పాటలు అందుకున్నారు. డ్రైవరు మిల్లు వీధి మనిషి. ఖాకీ చొక్కాలో ఆ కుర్రాళ్లు పోల్చుకోలేదు గాని, తెలిస్తే ఈ బస్సెక్కేవాళ్లే కాదు.

మార్కెట్, మిల్లు క్లబ్బుల పగ తాతల నాటిది. గోలుకు వల కూడా లేని రోజుల్లో మార్కెట్ వాళ్లు తన్నిన బంతి రెండు కర్రల మధ్య నుంచి పోయిందా, పక్క నుంచి పోయిందా అన్న దగ్గర మొదలైంది. బంతి ఎటు పోయిందో గాని, ఊరు మాత్రం రెండు ముక్కలైంది. మిల్లు వాళ్లు మార్కెట్లో క్షవరం చేయించుకోరు. మార్కెట్ వాళ్లు మిల్లు వీధిలో అద్దెకు దిగరు. సంబంధం కలుపుకోవాలంటే జీతం కంటే ముందు క్లబ్బు అడుగుతారు.

ఆ రోజు గోలు దగ్గర నిలబడింది డ్రైవరు తాత. బంతి పక్క నుంచే పోయిందని ఆయన, గోలును మింగేసి బొంకుతున్నాడని మార్కెట్ వాళ్లు. అప్పటి నుంచీ ఆ ఇంటికి 'గోలు మింగినోళ్లు' అనే పేరు స్థిరపడిపోయింది. డ్రైవరును బడిలో అలాగే ఏడిపించారు. ఇప్పుడు వాడి కూతుర్ని ఏడిపిస్తున్నారు. నిన్న కూడా పిల్ల కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఇవాళ పొరుగూళ్లో ఫైనల్. మిల్లు జట్టు కప్పు కొడితే ఆ పేరు తుడిచిపెట్టుకుపోతుంది.

పొద్దున్నే వీధివాళ్లు చుట్టుముట్టారు.

"అరగంట ఆలస్యం చెయ్యరా, చాలు. ఆలోపు వాళ్ల జట్టు దిగకపోతే రూలు ప్రకారం కప్పు మనది. బండి చెడిపోయిందని చెప్పు, ఎవడొచ్చి చూస్తాడు?"

డ్రైవరు తిన్నగా షెడ్డుకు పోయి బావతో మొరపెట్టుకున్నాడు. బావంటే అక్క మొగుడు, వీడు పనిచేసే ట్రావెల్స్‌లోనే సీనియర్ డ్రైవరు. ఊరంతా గాలించినా ఏ క్లబ్బు వాసనా అంటని మనిషి ఆయనొక్కడే దొరికాడు. అందుకే ఏరికోరి అక్కనిచ్చారు. మ్యాచ్ ఉన్న రోజు కూడా హాయిగా ముసుగుతన్ని పడుకుంటాడు. ఆ పూటకి ఇంకా డ్యూటీ పడలేదట, బస్సు టైర్లలో గాలి చూస్తున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఎక్కినవాడు ఎవడైనా మన ప్యాసింజరే. నమ్మి వెనక కూర్చున్నవాణ్ణి నట్టేట ముంచితే రేపు నీ బండి ఎవడెక్కుతాడు? అయినా దొడ్డిదారిన తెచ్చిన కప్పు చూపించి నీ కూతురికి ఏం చెప్తావు?"

"మనసు ఊరుకోవట్లేదు బావా."

"ఊరుకోదులే. నువ్వు టైముకి దింపు. మీవాళ్లు ఆడే గెలుస్తారు. నా మాట విను."

ఆ మాటే ఇప్పుడు చెవుల్లో గింగురుమంటోంది. వెనక లారీవాడు హారన్‌తో ప్రాణం తీస్తున్నాడు. డ్రైవరు పళ్లు బిగబట్టి ఎడమవైపు తిప్పాడు.

అక్కడితో అయిందా అంటే కాలేదు. కొంత దూరం పోయేసరికి రోడ్డుకు అడ్డంగా చెట్టు కూలి ఉంది. ఇంతకంటే మంచి సాకు ఇంకేం కావాలి? ఇక్కడే ఆగిపోతే తప్పు చెట్టుదే. డ్రైవరు ఇంజను ఆపాడు. స్టార్టు చేశాడు. మళ్లీ ఆపాడు. ఫోను మోగింది. బావ.

"ఎక్కడిదాకా వచ్చావురా?"

"చెట్టు పడింది బావా."

"పక్కన కాలవ గట్టుందిగా. నెమ్మదిగా పోనీ, బస్సు పట్టేంత వెడల్పుంది. నేనూ డ్యూటీలోనే ఉన్నా, ఉంటా మరి."

బస్సు గట్టు మీద ఒక పక్కకు ఒరిగి ఒరిగి పోయింది. వెనక పాటలు ఆగిపోయాయి. మళ్లీ రోడ్డెక్కాక మార్కెట్ జట్టు కోచ్ ముందుకొచ్చి డ్రైవరు భుజం తట్టాడు.

"శభాషయ్యా. మీ ఇంటివాళ్లు మాటంటే మాటే."

డ్రైవరుకు అర్థం కాలేదు. పొగడ్తే కదా అని గేరు మార్చాడు.

టైముకే దింపాడు. మార్కెట్ వాళ్లు మైదానంలోకి దిగారు. అవతలి సగం ఖాళీ. మిల్లు జట్టు జాడ లేదు.

డ్రైవరు మైదానం గేటు దాకా పరుగెత్తాడు. రోడ్డు చూశాడు. వెనక్కొచ్చాడు. కాలు ఒకచోట నిలవక మళ్లీ పోయాడు. వాళ్ల బస్సు రైల్వే గేటు దగ్గర మొరాయించిందని ఎవరో అన్నారు. ఎంత మొండి బండినైనా లేపగల బావకు చేద్దామంటే ఆ ఫోను బిజీ.

అరగంట దాటగానే రిఫరీ గడియారం చూసుకుని విజిల్ ఊదాడు. కప్పు మార్కెట్ వాళ్ల చేతికి పోయింది. డ్రైవరు బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. రేపు కూతురు బడికెలా పోతుంది?

అంతలో కోచ్ ఫోను చెవిన పెట్టుకుని పగలబడి నవ్వుతూ వచ్చాడు.

"అయిపోయిందన్నా, కప్పు మనదే, ఇంక నీ బస్సు స్టార్టు చేసి ఆ మిల్లు జట్టుని తాపీగా తీసుకొచ్చెయ్... ఇదుగో, మీ బామ్మర్ది ఇక్కడే ఉన్నాడు, మాట్లాడు."