ఇంజిన్ ఆగే చోటు

"మిగతా పడవలు రౌండుకు అయిదు లీటర్లు తాగుతాండాయి, నీది నాలుగే. నీ ఇంజిన్ రోజా ఉపవాసం ఉంటాందా ఏంది మామా?" అన్నాడు గండికోట జలాశయంలో షికారు పడవలు నడిపించే మేనేజర్ విష్ణువర్ధన్.

డ్రైవర్ ఉస్మాన్ నవ్వి పడవ తుడవసాగాడు.

సగం దూరం పోయి పడవ తిప్పేస్తున్నాడేమోనని మేనేజర్ అనుమానం. అదే నిజమైతే రేపటి నుంచి పడవ తాళం ఇంకొకరికి. తేల్చుకుందామని మధ్యాహ్నం తనే ఎక్కి కూర్చున్నాడు.

నీళ్ల నడుమకు రాగానే ఉస్మాన్ ఇంజిన్ ఆపి తెడ్డు అందుకున్నాడు.

"ఈడెందుకు ఆపినావు?"

"కింద మునిగింది మా పాత ఊరు సార్. ఇది మా అత్త వీధి. మధ్యాన్నం ఆమె కునుకు తీసేటప్పుడు బండి చప్పుడైతే చీపురెత్తుకోని వచ్చేది. మలుపు కాడనే మోటర్‌సైకిల్ ఆపేసి తోసుకుంటా పోయేవాణ్ణి. ఆ అలవాటు పోలేదు."

"మీ అత్త ఇప్పుడు పునరావాస కాలనీలో కదా ఉండేది?"

"అవును సార్. ఆడ బండ్ల మోతకు నిద్రే పట్టదంటాది."

అంతలో విష్ణువర్ధన్ ఫోను మోగింది. గబుక్కున నొక్కి దాని నోరు మూయించాడు. నీళ్లలోకి ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"వీధి అయిపోయిందా మామా?"