నిండిన కుంటకు నిధి లేదు

అడవి అంచున ఒక కుంట ఎండిపోయింది. "మీరంతా కలిసి బాగుచేసుకోండి, దాణా ఖర్చు నాది" అని సింహంగారు కబురంపారు. కబురొచ్చింది గానీ దాణా రాలేదు.

బొల్లి అనే గేదెకు బురదలో దొర్లకపోతే మేత సయించదు. ఎదురుచూసి విసిగిపోయి, అడవిపందుల్ని కూడగట్టి, పూడిక తీయించి, కట్ట వేయించింది. ఆ ఏటి ఆఖరి వానకు కుంట నిండింది. బొల్లి ముక్కుదాకా మునిగి కూర్చుంది.

అప్పుడు తీరిగ్గా సింహంగారి తరఫున తనిఖీకి దిగారు నక్కగారు.

"ఎండిన కుంట ఏదమ్మా?"

"ఇదే దొరా! మేమే బాగుచేసుకున్నాం," అంది బొల్లి గొప్పగా.

"అయ్యయ్యో! నిధి ఎండిన కుంటలకే. నిండిన కుంటకిస్తే సింహంగారు నా తోలు వలిచేస్తారు."

దాణా చేజారిపోతోందనేసరికి బొల్లి ఒక్క ఉదుటున గట్టెక్కింది. పందులు వద్దు వద్దంటున్నా, కొమ్ములతో కుమ్మి కట్టకు గండి కొట్టింది. చూస్తుండగానే నీళ్లన్నీ వాగులో కలిసిపోయాయి.

"భేష్! ఇక మంజూరైనట్టే," అన్నారు నక్కగారు.

"ఆ దాణా తిని మేమేం చెయ్యాలి దొరా?"

"పూడిక తీసి, కట్ట వేసి, నీళ్లు నిలుపుకోవాలి."

బొల్లి మబ్బు తునక లేని ఆకాశంకేసి చూసింది. వీపు మీద బురద అప్పుడే పెళుసుబారుతోంది.

"వాన కూడా తమరే మంజూరు చేస్తారా, దొరా?"