కొత్త ఆది

"ఎవరి కోసం చేయించుకుంటున్నారమ్మా ఈ ఆపరేషను?" అని అడిగింది డాక్టరమ్మ.

హరిప్రియ భర్త వైపు చూసింది. భరద్వాజ్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"నా కోసమేనండి," అంది హరిప్రియ.

డాక్టరమ్మ నమ్మలేదు. ఏలూరులో ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న మనిషి. ఎవరు ఎవరి కోసం వచ్చారో గుమ్మంలోనే పసిగట్టేస్తుంది.

"చూడండమ్మా, రొమ్ములు చిన్నగా ఉండటం జబ్బు కాదు. లోపల పెట్టేవి జీవితాంతం ఉండేవీ కావు. పదేళ్ళకో పదిహేనేళ్ళకో మళ్ళీ కోయాల్సి రావచ్చు. గట్టిపడొచ్చు, స్పర్శ తగ్గొచ్చు. రేపు బిడ్డ పుడితే పాలకి ఇబ్బంది కావచ్చు. ఇవన్నీ తెలిసి, మీకు మీరుగా కావాలనుకుంటే తప్పేం లేదు, శుభ్రంగా చేస్తాను. ఇంకొకరి కోసమైతే మాత్రం వద్దు."

"నేనేం బలవంతపెట్టడం లేదండి. అంతా తన ఇష్టం," అన్నాడు భరద్వాజ్.

ఆ మాట హరిప్రియకి కొత్త కాదు. ఏడాదిగా రోజూ వింటున్నదే. నీ ఇష్టం అంటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. తిట్టినా బాగుండేది, తనూ తిరిగి ఏదో ఒకటి అనేది. వీపుకి ఏం చెప్పుకుంటుంది?

"సైజు ఏమైనా అనుకున్నారా?" అంది డాక్టరమ్మ.

"ముప్పై ఆరు," అన్నాడు భరద్వాజ్ ఠక్కున.

హరిప్రియ ఆశ్చర్యపోయింది. తన చొక్కా సైజు ఎంతో బట్టల కొట్లో ఆమెనే అడిగే మనిషి!

"నంబరు చెప్పి కుట్టించుకోవడానికి ఇది టైలరు కొట్టు కాదండి. ఆవిడ ఒంటిని బట్టి నేను చెప్పాలి," అంది డాక్టరమ్మ విసుగ్గా. "ఆపరేషనయ్యాక కొన్ని వారాలు బరువులెత్తకూడదు. చూసుకోవడానికి ఇంట్లో ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరండి. మా అత్తగారు పోయారు. ఆడపడుచులు కూడా లేరు, ఈయన ఒక్కరే," అంది హరిప్రియ.

డాక్టరమ్మ ఒప్పుకోలు కాగితం ఆమె చేతికే ఇచ్చింది. "ఇంటికెళ్ళి నిదానంగా చదవండి. సంతకం పెట్టాలనిపిస్తేనే సోమవారం రండి. రాకపోతే నేనేమీ అనుకోను."

ఇద్దరూ తాడేపల్లిగూడెం బస్సెక్కారు. దెందులూరు దాటే దాకా ముందు ఒక చేపల లారీ నీళ్ళు కారుస్తూ పోతోంది. హరిప్రియ కాగితం మూడుసార్లు చదివింది. చదివిన కొద్దీ భయం పెరిగింది.

"మానేద్దామా అండీ?" అంది ఉంగుటూరు దగ్గర.

"నీ ఇష్టం," అని అతను కిటికీ వైపు తిరిగాడు. బస్సులో గోడ లేదు మరి.

గూడెంలో దిగగానే అతను తను పనిచేసే కాలేజీకి వెళ్ళిపోయాడు. హరిప్రియ నేరుగా టైలరు ఖదీజా కొట్టుకి నడిచింది. తమ్ముడి పెళ్ళికని ఇచ్చిన మూడు జాకెట్టు గుడ్డలు అక్కడున్నాయి. ఏదో ఒకటి తేలేదాకా వాటిని కోయొద్దని చెప్పాలి.

"ఖదీజాగారూ, నా జాకెట్లు ఇంకో వారం ఆపగలరా అండీ?"

ఖదీజా మిషను ఆపింది. "ఇంకెక్కడి జాకెట్లండీ, కుట్టడం కూడా అయిపోయింది! సార్ వచ్చి చెప్పారు కదండీ, పాత ఆది పక్కన పెట్టి కాస్త పెద్దగా కుట్టమని."

"ఆయన వచ్చారా? ఇక్కడికా?"

"అయ్యో, మీకు చెప్పొద్దన్నారండి, తనే వచ్చి పట్టుకెళ్తానన్నారు. నేనే నోరు జారాను. మీరేవో మందులు వాడుతున్నారంట, పెళ్ళినాటికి ఒళ్ళు చేస్తారంట. నోటితో కొలత చెబితే నేను కుట్టనండి, ఆది జాకెట్టు కావాలన్నాను. పాపం, మర్నాడే తెచ్చిచ్చారండి. టేపు పెట్టి చూశాను, సరిగ్గా ముప్పై ఆరు."

హరిప్రియకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇంటికి కరివేపాకు తెమ్మంటే మర్చిపోయే మనిషి, తన కోసం రెడీమేడ్ జాకెట్టు కొని, ఆడవాళ్ళ టైలరు కొట్టు మెట్లెక్కాడు. గోడ వైపు తిరిగి పడుకుని ఇన్నాళ్ళూ ఇదే ఆలోచిస్తున్నాడా? తన మీద ఆశ వదిలేసుకున్నాడని ఎంత ఏడ్చింది! ఒక కోత కాకపోతే రెండు కోతలు. పాలు లేకపోతే డబ్బా పాలు. అతను మళ్ళీ తన వైపు తిరిగితే చాలు.

డాక్టరమ్మ ప్రశ్నకి అసలు జవాబేమిటో ఆమెకి తెలుసు. అది తప్పని కూడా తెలుసు. అయినా బ్యాగులోంచి కాగితం తీసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టి సంతకం చేసేసింది.

"ఇదిగోండి, ఆది కూడా అందులోనే పెట్టాను," అని ఖదీజా కవరు అందించింది.

హరిప్రియ కవరు తెరిచింది. మూడు కొత్త జాకెట్ల కింద ఒక మెరూన్ రంగు జాకెట్టు మడతపెట్టి ఉంది. అది కొట్లో కొన్నది కాదు. ఉతికి ఉతికి రంగు వెలిసింది. చంకల్లో చెమట మరకలున్నాయి. ఊడిన హుక్కుని ఎవరో నల్లదారంతో కుట్టుకున్నారు. మెడ దగ్గర పౌడరు వాసన ఇంకా పోలేదు.

ఆమె దాన్ని తీసి, సంతకం పెట్టిన కాగితం పక్కన పరిచింది.

"ఇది... ఎవరిదండీ?"

ఖదీజా మిషను మళ్ళీ తొక్కుతూ నవ్వింది. "భలేవారే! మీ ఆడపడుచుగారిదంట కదండీ."