గాలయ్య సరేనన్న రాయి

గాలయ్య సుత్తి ఎత్తగానే ఆలేరు దగ్గరి గుట్ట మీద పనంతా ఆగిపోయింది. ఉలులు ఆగాయి. ఎడ్ల మెడల్లోని గంటలను కూడా ఎవరో చేత్తో పట్టుకున్నారు.

గుట్ట పుట్టినప్పుడే కొన్ని రాళ్ల కడుపులో సన్నని పగులు పడి ఉంటుంది. పైకి కనపడదు. సుత్తితో కొడితే గట్టి రాయి గంటలా ఖంగుమంటుంది. పగులు రాయి బోలుగా పలుకుతుంది. ఆ తేడా పట్టడంలో గాలయ్యను మించినవాడు లేడని పేరు. ఏళ్ల తరబడి ఆ గుట్టకు మందు పెట్టి పేల్చిందీ ఆయనే, రాయిని కొట్టి చూసి సరేననేదీ ఆయనే. ఆయన సరేనన్న రాళ్లు రైలెక్కి పట్నం పోయి, కమాన్లయి, మెట్లయి నిలబడ్డాయి.

ఒక్కటి తప్ప. పోయినేడు ఆయన సరేనన్న రాయిని పైకెత్తుతుంటే అది రెండుగా విరిగి లింగస్వామి కాలు మీద పడింది. దవాఖానలో కాలు తీసేశారు. రాయి మోసం చేసిందన్నారే గానీ గాలయ్యను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనను లోలోపల తినేస్తోంది. ఎవరైనా తిడితే కొంత బరువు దిగేది.

ఇవాళ్టి రాయి పట్నంలో కడుతున్న కాన్పుల దవాఖాన వాకిలి మీదికి. దాని కింది నుంచి రోజూ నిండు నెలల ఆడవాళ్లు నడుస్తారు.

గాలయ్య కొట్టాడు. ఇంకో చోట కొట్టాడు.

"పెద్దబాపూ!" లింగస్వామి భార్య అండాలు వెనక నుంచి పిలిచింది. మొగుడు మంచాన పడ్డాక ఆమే గుట్టకు తట్టలు మోయడానికి వస్తోంది. గాలయ్య తిరగలేదు. మళ్లీ పిలిచినా తిరగలేదు. ఏ ముఖంతో తిరుగుతాడులే అని అందరూ తలలు దించుకున్నారు.

ఆమే ఎదురుగా వచ్చి నిలబడింది. "నా మొగని కాలు తీసిన రాయిని తిట్టిన గని, నిన్ను ఒక్కనాడు తిట్టలే. నీ చెవి మీద నాకు నమ్మకమున్నది. ధైర్యంగ చెప్పు."

గాలయ్య ఆమె పెదవుల వంకే చూస్తూ ఉన్నాడు. ఉన్న మాట చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెబితే రేపటి నుంచి ఈ గుట్ట మీద తనకు పనుండదు.

మేస్త్రీ సైదులు ముందుకొచ్చి చేయి ఊపాడు. "ఏమంటాంది గాలన్నా రాయి? జల్ది చెప్పు, టేషన్ల రైలుడబ్బా నిలవడ్డది."

"వద్దు! పగులున్నది!" గాలయ్య అరిచాడు. ఈమధ్య ఆయన మాటలన్నీ అరుపులే.

"గిది గూడ వద్దా? లింగస్వామి కాలు పోయిన కాడికెల్లి నీకు ఒక్క రాయి నచ్చుతలేదు." సైదులు విసుక్కున్నాడు. "దీన్ని కంకర కొట్టుండ్రి."

నెలంతా ఆ రాయిని చెక్కినవాళ్ల ముఖాలు వాడిపోయాయి. అండాలు మాత్రం రెండు చేతులూ జోడించింది. "ఎందరి పానం కాపాడినవో పెద్దబాపూ. నీ చెవులు సల్లగుండ."

గాలయ్య సుత్తి దించాడు. గుట్టంతా మళ్లీ ఉలుల మోతతో దద్దరిల్లింది.

ఆ మోతలో ఒక్క దెబ్బయినా గాలయ్యకు వినపడలేదు, లింగస్వామి కాలు తీసిన రాయిని కొట్టి చూసిన రోజున కూడా ఏమీ వినపడనట్టే.