ఊడని లేబుల్

"ఊడిపోవడమా! ఆకులు రాలినట్టు రాలాయి రా! ఒక్కటంటే ఒక్కటి నిలిచిందేమో చూపించు!"

బావ అరుపు చేపల కంపెనీ చల్లగది గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. కప్పు దాకా పేర్చిన ప్లాస్టిక్ పెట్టెల నిండా చేపలు. ఏ పెట్టె ఏ ఊరికి పోవాలో, ఏ రోజు సరుకో చెప్పే నాథుడు లేడు. నేల మీద మాత్రం ఎక్కడ చూసినా తెల్ల లేబుళ్ళే.

"మా సరుకుకేం లోటు లేదు బావా. మీవాళ్ళు తడి చేతులతో అంటిస్తే జిగురు మాత్రం ఏం చేస్తుంది?" అన్నాడు బావమరిది. లేబుళ్ళ షాపు అతనిదే. మాటైతే గట్టిగానే అన్నాడు గానీ, బావ మొహంలోకి చూడలేకపోతున్నాడు.

"ఆఫీసులో కూర్చుని కొనుగోళ్ళు చూసుకునేవాణ్ణి. ఏనాడూ ఇందులో కాలు పెట్టిన పాపాన పోలేదు. నీ పుణ్యమా అని ఇవాళ వచ్చాను. సోమవారం ఓనరు చూశాడంటే నా ఉద్యోగం గోవిందా!"

ఇద్దరూ చిట్టచివరి వరస వెనక ఇలా వాదించుకుంటూ ఉండగానే ధబ్బుమని చప్పుడైంది. లైటు ఆరిపోయింది.

శనివారం ఒంటిపూట పని. లోడింగువాళ్ళు లోపల ఎవరూ లేరనుకుని తలుపు మూసి, బయట గడియ బిగించి, తమ దారిన తాము పోయారు.

ఆ సంగతి బుర్రకెక్కేసరికి ఇద్దరూ చీకట్లో పెట్టెలకు గుద్దుకుంటూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. బాదారు. తన్నారు. గొంతు చించుకుని అరిచారు. జానెడు మందం తలుపు. వాళ్ళ అరుపు వాళ్ళకే తప్ప ఇంకెవరికీ వినిపించదు. ఫోన్లలో సిగ్నల్ చుక్క కూడా లేదు. కాసేపటికి ఆ చలికి ఫోన్లు కూడా చచ్చూరుకున్నాయి.

"సోమవారం పొద్దున దాకా ఎవరూ రారు," అన్నాడు బావ.

"అప్పటిదాకా బతుకుతామా?"

"బతకం. మనల్ని కూడా పెట్టెల్లో సర్ది పంపించేస్తారు."

"అంత మాటనకు బావా!"

"నీ లేబుల్ అంటిస్తే ఇంటికి కూడా చేరం లే!"

ఆ చీకట్లో బావమరిదికి నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అక్క కళ్ళ ముందు మెదిలింది. భోజనానికి ఇద్దరూ వస్తారని ఈపాటికి గుమ్మంలోకి, వంటింట్లోకి తిరుగుతూ ఉంటుంది. తనే కదా బావకు ఈ గతి పట్టించింది! ఇక దాచి ఏం లాభం?

"బావా, నీకో నిజం చెప్పాలి. మంచుకి తట్టుకునే లేబుళ్ళు వేరే ఉంటాయి. ప్లాస్టిక్ పొర, చలికి విడవని జిగురు. నువ్వు అడిగింది అవే. నేనిచ్చింది మామూలు కాగితం. ఎవరు పట్టించుకుంటార్లే అనుకున్నాను."

బావ అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. కొడతాడేమో అనుకున్నాడు బావమరిది. కొడితే బాగుండుననిపించింది, కాస్త వెచ్చగానైనా ఉంటుంది.

"వంగి ఏరు," అన్నాడు బావ.

"ఏమిటి?"

"నీ కాగితాలే. చొక్కాలో కుక్కుకో. ఇందుకైనా పనికొస్తాయేమో!"

ఇద్దరూ తడుముకుంటూ ఏరారు. గుప్పిళ్ళ కొద్దీ చొక్కాల్లోకి కుక్కుకున్నారు. చలి ఇసుమంత కూడా తగ్గలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

బావ జేబు తడిమి అగ్గిపెట్టె తీశాడు. "సిగరెట్లు మానేశానని మీ అక్క ముందు ఒట్టేశాను. ఈ సంగతి దానికి చెప్పకు."

"చెప్పే యోగం ఉంటే కదా బావా!"

మొదటి పుల్ల వెలిగింది. ఆ వెలుగులో గోడ ఏదో తలుపు ఏదో తెలియకుండా అంతా మంచు. లేబుళ్ళు పోగేసి నిప్పంటించారు. తడి కాగితం చుయ్‌మంది, పొగ వచ్చింది, ఆరిపోయింది. రెండో పుల్ల, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. బావ తలుపుకు ఆనుకుని కూలబడ్డాడు. మాట ముద్దగా వస్తోంది.

"నిద్రొస్తోంది రా."

"వద్దు బావా! పడుకోకు! నన్ను తిట్టు, ఎంత తిడతావో తిట్టు, కళ్ళు మాత్రం మూయకు!"

"నీ మొహం... తిట్టే ఓపిక కూడా లేదు."

బావమరిది వెర్రెత్తినట్టు నేలంతా తడిమాడు. గడప పక్కన మంచులో ఏదో దళసరి ముక్క చేతికి తగిలింది. గోళ్ళు విరుగుతున్నా పెకలించాడు. దళసరిది కదా, ఇదైనా మండకపోతుందా!

"బావా, ఇంకెన్ని పుల్లలున్నాయి?"

"ఒక్కటి."

మొద్దుబారిన చేతులతో ఇద్దరూ కలిసి గీశారు. వెలిగింది. ముక్కను మంట దగ్గరికి తెచ్చాడు. మిగతావాటిలాగే ఇదీ ఎక్కణ్ణుంచో ఊడిపడిందే, కానీ తెల్లది కాదు, ఎర్రది. అయినా మూలన తన షాపు ముద్రే. దాని మీద పెద్ద అక్షరాలున్నాయి.

"అంటించవేం రా? ఏముంది దాని మీద?"

బావమరిది పెదవులు కూడదీసుకుని ఒక్కో మాటా చదివాడు.

"లోపల చిక్కుకుంటే కంగారు పడకండి. ఈ లేబుల్ కింద ఉన్న గుండీ నొక్కండి, తలుపు తెరుచుకుంటుంది."